ఒక ల్యాబులో 0.08, ఇంకో ల్యాబులో 0.31: మందు పని చేయడం మానేసినట్టేనా?

ప్రశ్న:

డాక్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు. మా వారికి 47 ఏళ్లు, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. రెండేళ్ల కిందట సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అప్పటి నుంచి రోజూ ఇమాటినిబ్ 400 వేసుకుంటున్నారు. రక్తంలో జబ్బు ఎంత శాతం మిగిలిందో చూసే బీసీఆర్-ఏబీఎల్ టెస్టు మొదట్నుంచీ గుంటూరులో ఒకే ల్యాబులో చేయించాం. మూడో నెలలో 7.2, ఆరో నెలలో 0.9, ఏడాదికి 0.14, ఏడాదిన్నరకి 0.08 వచ్చింది. డాక్టరు గారు చాలా బాగుందన్నారు. ఈసారి విజయవాడలో మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు, అక్కడ ఇంకో ల్యాబులో పదిహేను వందలు తక్కువకే చేస్తారంటే రక్తం ఇచ్చి వచ్చాం. 0.31 వచ్చింది. దాదాపు నాలుగింతలు! మా బావగారు చూసి, మందు పని చేయడం మానేసింది, జనరిక్ మందు వాడితే ఇంతే, హైదరాబాద్ వెళ్లి పెద్ద మందుకి మారండి అంటున్నారు. మా డాక్టరు గారి అపాయింట్‌మెంట్‌కి ఇంకా పది రోజులుంది. ఈయన సరిగా తినడం లేదు, నిద్ర పోవడం లేదు. సీజన్లో పని ఎక్కువై అప్పుడప్పుడు మాత్ర మర్చిపోయిన మాట నిజమే గానీ అది పెద్ద విషయం కాదనుకుంటున్నాను. ఏ ల్యాబుని నమ్మాలి? రెండు రిపోర్టులూ ఫొటో తీసి పంపుతున్నాను. దయచేసి పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా, ముందు ఒక మాట. ఆ 0.31 చూసి మీ అంతట మీరు మందు ఆపొద్దు, మార్చొద్దు, డోసు పెంచొద్దు. ఈ పూట అన్నం తిన్నాక ఎప్పటిలాగే మాత్ర వేయించి పెద్ద గ్లాసుడు నీళ్లు తాగించండి. మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను ల్యాబు డాక్టర్ని, మందు రాసే డాక్టర్ని కాను. మందు మార్చాలా వద్దా అన్నది మీ హెమటాలజిస్టు, అంటే రక్త జబ్బుల డాక్టరు, చెప్పాల్సిన మాట. కానీ ఆ నంబరు ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అనేది నా పని, ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను. మీ రెండు ఫొటోలూ పెద్దవి చేసుకుని చూశాను. చాలామంది రిపోర్టులో బోల్డ్ అక్షరాల్లో ఉన్న ఒక్క అంకె చూసి మిగతాది మడిచి ఫైల్లో పెట్టేస్తారు, డాక్టర్లలో కూడా అలాంటి వాళ్లు లేకపోలేదు. అసలు కథంతా ఆ అంకె కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మీ పాత ల్యాబు రిపోర్టు చూడండి. బీసీఆర్-ఏబీఎల్ కాపీలు 41, ఏబీఎల్ కాపీలు 41,200, కన్వర్షన్ ఫ్యాక్టర్ 0.8, ఫలితం 0.08 శాతం, పక్కనే ఐఎస్ అని రెండక్షరాలు. ఇప్పుడు కొత్త రిపోర్టు చూడండి. బీసీఆర్-ఏబీఎల్ కాపీలు 21, ఏబీఎల్ కాపీలు 6,850, ఫలితం 0.31 శాతం. ఐఎస్ అన్న అక్షరాలు ఎక్కడా లేవు, కన్వర్షన్ ఫ్యాక్టర్ ఊసే లేదు. పైన కుడి పక్కన ఇంకా చిన్న అక్షరాల్లో రక్తం తీసింది శనివారం సాయంత్రం 5.40కి, ల్యాబుకి చేరింది సోమవారం ఉదయం 11.15కి అని ఉంది. అంటే మీ వారి రక్తం దాదాపు 42 గంటలు ట్యూబులోనే ఉంది, అదీ మే నెలలో, విజయవాడలో.

గమనించారా, కొత్త ల్యాబుకి దొరికిన జబ్బు కాపీలు 21 మాత్రమే, పాత ల్యాబుకి 41 దొరికాయి. తక్కువ దొరికిన చోట శాతం ఎక్కువ వచ్చింది! భాగించే సంఖ్య చిన్నదైపోయింది కాబట్టి. దీన్ని బట్టి కొత్త రిపోర్టు తప్పని నేను అనడం లేదు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యడం కుదరదు అంటున్నాను.

ఎందుకు కుదరదో అర్థం కావాలంటే ఈ టెస్టు ఏం లెక్కపెడుతుందో కొంచెం తెలియాలి. సీఎంఎల్‌లో 9వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ ముక్కలు మార్చుకుంటాయి. ఆ పొట్టి 22వ క్రోమోజోమ్‌ని 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కనిపెట్టారు కాబట్టి దానికి ఆ ఊరి పేరే ఉండిపోయింది. ముక్కలు మారాయన్న సంగతి 1973లో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ తేల్చారు. అలా మారినప్పుడు బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు అతుక్కుని ఒక కొత్త జన్యువు పుడుతుంది, అది ఆపకుండా కణాల్ని పెంచుతూ పోతుంది. 2001లో అమెరికాలో అనుమతి వచ్చిన ఇమాటినిబ్ ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ నోరు నొక్కేస్తుంది. మనం చేసే టెస్టు రక్తంలో ఆ అతుకుడు జన్యువు నకళ్లు ఎన్ని మిగిలాయో చూస్తుంది. ఊరికే 21 అనో 41 అనో చెబితే అర్థం లేదు, రక్తం ఎంత తీశారు, అందులో ఎంత పాడైంది అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. అందుకే అదే రక్తంలో మామూలుగా ఉండే ఏబీఎల్ జన్యువు కాపీలు కూడా లెక్కపెట్టి, దానిలో ఇది ఎన్నో వంతు అని చెబుతాం. అదే మీరు చూసే శాతం.

ఇక్కడే పేచీ వస్తుంది. రక్తంలోంచి ఆర్‌ఎన్‌ఏ, అంటే ఆ జన్యువు నకళ్లు, తియ్యాలి, దాన్ని డీఎన్‌ఏ నకలుగా మార్చాలి, మెషీన్లో ఒకటి రెండై రెండు నాలుగై అలా నలభై సార్ల దాకా పెంచుతూ లెక్కపెట్టాలి. ఒక్కో ల్యాబు ఒక్కో కిట్టు, ఒక్కో మెషీను, ఒక్కో పద్ధతి వాడుతుంది. కొన్ని చోట్ల పోల్చడానికి ఏబీఎల్ బదులు ఇంకో జన్యువు వాడతారు. ప్రతి మెట్టు దగ్గరా చిన్న తేడా పడి, చివరికి ఒకే మనిషి ఒకే రక్తం రెండు ల్యాబులకి పంపితే రెండు మూడు రెట్ల తేడా రావడం మామూలే. ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ తప్పు చెయ్యలేదు.

మీ అత్తగారినో అమ్మమ్మనో అడగండి, పాత రోజుల్లో ధాన్యం కుంచాలతో కొలిచేవాళ్లు. ఊరికో కుంచం ఉండేది. ఒక ఊళ్లో పది కుంచాలు అంటే పక్క ఊళ్లో అది తొమ్మిదే అవ్వొచ్చు, ధాన్యం మాత్రం గింజ తగ్గలేదు. వియ్యాలవారి ఊరి కుంచం మన ఊరి కుంచానికి ఎంత తక్కువో తెలిసిన పెద్దాయన ఒకాయన ఉంటే, ఆ లెక్క కట్టి సమానం చేసేవాడు. కన్వర్షన్ ఫ్యాక్టర్ అంటే సరిగ్గా ఆ పెద్దాయన లెక్కే. మీ పాత ల్యాబు వాళ్ల సొంత కుంచంలో 0.1 వచ్చింది, దాన్ని 0.8తో గుణించి అందరి కుంచంలోకి మార్చి 0.08 అని ఇచ్చారు. ఆ అందరి కుంచం పేరే ఇంటర్నేషనల్ స్కేల్, పొట్టిగా ఐఎస్. కొత్త ల్యాబు తన ఊరి కుంచంతో కొలిచి అలాగే రాసి ఇచ్చేసింది. వాళ్ల ఫ్యాక్టర్ మాటవరసకి 0.4 అనుకోండి, మీ 0.31 కాస్తా 0.12 అవుతుంది. 0.25 అయితే 0.08కి దిగిపోతుంది. 1.5 అయితే 0.46కి పెరుగుతుంది, అదీ కుదిరేదే. వాళ్ల ఫ్యాక్టర్ తెలియకుండా నేనూ చెప్పలేను, మీ బావగారూ చెప్పలేరు.

ఈ అందరి కుంచం ఎలా వచ్చిందో కొంచెం చెబుతాను, నాకు ఇష్టమైన విషయం కాబట్టి ఆగలేను. ఇమాటినిబ్ మీద ఐరిస్ అనే పెద్ద క్లినికల్ ట్రయల్ జరిగినప్పుడు అడిలైడ్, లండన్, సియాటెల్‌లోని మూడు ల్యాబులు ఈ టెస్టు చేశాయి. వాళ్లకీ మీకొచ్చిన చిక్కే వచ్చింది, మూడు చోట్లా మూడు రకాల అంకెలు. అప్పుడు వాళ్లు ఇంకా మందు మొదలుపెట్టని 30 మంది రోగుల రక్తం మూడు చోట్లా పరీక్షించి, దాని సగటుని మొదలు అని ఒప్పుకున్నారు. ఆ మొదలే 100 శాతం. దానికి వెయ్యో వంతు అయిన 0.1 శాతాన్ని మేజర్ మాలిక్యులర్ రెస్పాన్స్, మీ డాక్టరు గారు ఎంఎంఆర్ అనేది, అన్నారు. 2005లో అమెరికాలో బెథెస్డాలో నిపుణులు కూర్చుని దీన్నే ప్రపంచమంతా వాడదామని ప్రతిపాదించారు. మొదట్లో ఒక్కో ల్యాబు అడిలైడ్‌కి రక్తం నమూనాలు పంపి పోల్చుకుని తన ఫ్యాక్టర్ తెచ్చుకోవాల్సి వచ్చేది, అది నెలల తరబడి పని. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రామాణిక నమూనాల సెట్టు ఆమోదించింది. సీఎంఎల్ రోగి నుంచి వచ్చి ల్యాబుల్లో ఏళ్ల తరబడి పెరుగుతున్న కే562 అనే కణాల్ని, ఈ అతుకుడు జన్యువు లేని హెచ్‌ఎల్60 కణాల్లో నాలుగు పాళ్లలో కలిపి, పొడిలా ఆరబెట్టి సీసాల్లో పెట్టారు. అవి మన యార్డు కాటాలకి తూనికలు కొలతల వాళ్లు తెచ్చే ముద్ర రాళ్ల లాంటివి. అసలు సెట్టు తక్కువే ఉంది కాబట్టి, దానితో సరిచూసిన రెండో రకం నమూనాలూ, ముందే ఐఎస్‌కి సరిచేసిన కిట్లూ వచ్చాయి. టీబీకి సీబీనాట్ టెస్టు చేసే చిన్న జీన్ఎక్స్‌పర్ట్ మెషీను ప్రభుత్వాసుపత్రిలో చూసే ఉంటారు, అదే మెషీన్లో పెట్టే బీసీఆర్-ఏబీఎల్ క్యాట్రిడ్జి కూడా ఉంది, అది నేరుగా ఐఎస్‌లోనే జవాబిస్తుంది.

ఒక అపోహ ఇక్కడే తీసేస్తాను. మా ఆయనకి మొదట్లో 64 శాతం ఉంది కాబట్టి దానికి వెయ్యో వంతు రావాలి కదా అని లెక్కలు వేసుకుని నన్ను అడిగినవాళ్లు చాలామంది. అక్కర్లేదమ్మా. ఆ 100 ఎవరి సొంత మొదలూ కాదు, ఆ 30 మంది సగటు. పైగా ఏబీఎల్‌తో పోల్చే టెస్టులో 10 శాతం పైన ఉన్న అంకెలు అంత కచ్చితంగా ఉండవు, మనం వాడే రసాయనం ఏబీఎల్‌ని లెక్కపెట్టేటప్పుడు అతుకుడు జన్యువులోని ఏబీఎల్ ముక్కని కూడా లెక్కేస్తుంది. అందుకని మొదటి రోజు 64 వచ్చిందా 90 వచ్చిందా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మూడో నెలకి 10 లోపు, ఆరో నెలకి 1 లోపు, ఏడాదికి 0.1 లోపు, ఇవీ డాక్టర్లు చూసే మైలురాళ్లు, ఐఎస్ అంకెల్లో. మీ వారు మొదటి రెండూ బాగా దాటారు, ఏడాదికి 0.14 దగ్గర కొంచెం వెనకపడ్డారు, మీ డాక్టరు గారు తొందరపడకుండా చూస్తూ ఉన్నారు, 0.08కి దిగింది. ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఇక ఏబీఎల్ కాపీలు 6,850 అన్న మాట. ఇది రక్తం నాణ్యతకి గుర్తు. కనీసం 10,000 ఉంటేనే మంచి నమూనా అని మేం లెక్క. ఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితం, రక్తం తీసిన గంట నుంచే చివకడం మొదలవుతుంది, ఒకట్రెండు రోజుల్లో ల్యాబులో పని మొదలవ్వాలి. మీ వారి కొత్త నమూనా శనివారం సాయంత్రం తీశారు, ఆదివారం ఏదో కలెక్షన్ సెంటర్లో ఉండి ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టారో లేదో మనకి తెలియదు. జబ్బు కాపీలూ చివుకుతాయి, మామూలు ఏబీఎల్ కాపీలూ చివుకుతాయి కాబట్టి శాతం కొంతవరకు నిలబడుతుంది, కానీ 21 కాపీల్లాంటి చిన్న లెక్కలో నాలుగైదు అటూ ఇటూ అయినా శాతం బాగా ఊగుతుంది. అసలు నాకు ఎక్కువ భయం ఇలాంటి నమూనాలో అంకె పెరగడం గురించి కాదు, దానికి ఉల్టా జరగడం గురించి. ఏబీఎల్ 3,000 కూడా లేని నమూనాలో జబ్బు కనపడలేదు అని రాసి ఇస్తే, ఇంట్లో స్వీట్లు పంచుకుంటారు. అక్కడ కనపడకపోవడానికి కారణం జబ్బు లేకపోవడం కాదు, వెతకడానికి సరుకు లేకపోవడం. 0.01 శాతం వరకు చూశామని చెప్పాలంటే ఏబీఎల్ 10,000 ఉండాలి, 0.0032 వరకు అంటే 32,000 ఉండాలి. మీ పాత ల్యాబు నమూనా 41,200. ఎంత మంచి రక్తం పంపారో చూడండి.

మా తప్పులు కూడా ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ల్యాబులో (పేరు అనవసరం) కిట్టు అయిపోయి కొత్త కంపెనీ కిట్టు తెచ్చారు. కిట్టు మారితే ఫ్యాక్టర్ మళ్లీ సరిచూసుకోవాలి. ఎవరికి వాళ్లం ఇంకొకరు చూశారులే అనుకున్నాం, పాత ఫ్యాక్టరుతోనే రిపోర్టులు వెళ్లిపోయాయి. రెండు వారాల తర్వాత ఒక హెమటాలజిస్టు ఫోన్ చేసి, ఏమ్మా, నా దగ్గరకొచ్చే ముగ్గురికీ ఒకే వారంలో ఎలా పెరిగింది, వాళ్లు ముగ్గురూ చుట్టాలు కూడా కాదే అన్నారు. నా చేతుల్లోంచి టీ గ్లాసు జారినంత పనైంది. ఫ్రీజర్లో దాచిన నమూనాలు తీసి మళ్లీ చేశాం, ముగ్గురివీ పాత స్థాయిలోనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన తెనాలి దగ్గర బడిపంతులు, ఆ వారం రోజుల్లో వీలునామా రాయించుకున్నారట. నవ్వుతూనే చెప్పారు గానీ నాకు ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది. ఇంత సోది ఎందుకంటే, కొత్త ల్యాబులో ఫ్యాక్టర్ లేదని నేను వేలెత్తి చూపిస్తున్నానుగానీ, ఐఎస్ అని అచ్చేసిన ల్యాబులో కూడా ఆ అచ్చు వెనక ఎవరో ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తేనే దానికి విలువ.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యానికి వస్తాను. సీజన్లో అప్పుడప్పుడు మాత్ర మర్చిపోయిన మాట నిజమే గానీ పెద్ద విషయం కాదనుకుంటున్నా అన్నారు. అది పెద్ద విషయమే అమ్మా. ల్యాబుల గురించి ఇంతసేపు చెప్పాను కాబట్టి, హమ్మయ్య, తేడా అంతా ల్యాబుదేనన్నమాట అని మీరు ఊపిరి పీల్చుకుంటారేమో అని నాకు టెన్షన్. కాకపోవచ్చు కూడా. పదిలో ఒక మాత్ర తప్పినా, అంటే నెలకి మూడు, ఈ మందు ఫలితం బాగా దెబ్బతింటుందని పరిశోధనలు చెబుతున్నాయి. అంకె పెరిగినప్పుడు హెమటాలజిస్టు అడిగే మొదటి ప్రశ్న మందు రోజూ వేసుకుంటున్నారా అని, చాలామంది చెప్పే మొదటి అబద్ధం కూడా అక్కడే.

మీ వారిని కోప్పడకుండా అడగండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు ఎలా ఉంటుందో నేను చూశాను, తెల్లారకముందే లారీలు, టిక్కీలు దించడం, కాటాలు, పట్టీలు రాయడం, మధ్యాహ్నం రెండింటికి తినే తిండికి ఒక వేళా పాళా ఉండదు. ఖాళీ కడుపున ఇమాటినిబ్ వేస్తే వాంతికొస్తుంది, అందుకని రేపు వేసుకుందాంలే అనుకుంటారు. కొందరికి కళ్ల కింద ఉబ్బు, పిక్కల్లో నరం పట్టేయడం, అవి భరించలేక వారానికి ఒకటి రెండు మానేస్తారు, భార్యకి కూడా చెప్పరు. ఇవి డాక్టరుకి చెబితే తగ్గించే దారులు ఉంటాయి. మాత్రని పొద్దున్నుంచి రాత్రి భోజనానికి మార్చుకోవడం ఒక్కటే చాలామందికి సరిపోతుంది, అదీ డాక్టరుని అడిగే చెయ్యండి. పాత స్ట్రిప్పులూ, మందుల షాపు బిల్లులూ బయటికి తియ్యండి. ఆర్నెల్లకి ఎన్ని కొన్నారో లెక్కేస్తే ఎన్ని తప్పాయో ఆయన్ని అడగకుండానే తెలిసిపోతుంది.

అదే సమయంలో ఇంకేం మందులు వాడారో కూడా చూడండి. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ లాంటివి ఇమాటినిబ్‌ని ఒంట్లోంచి తొందరగా బయటికి పంపేస్తాయి. కొన్ని యాంటీబయాటిక్‌లు, ఫంగస్ మందులు దాన్ని మరీ ఎక్కువ చేస్తాయి. కామెర్లకనో ఒంటి నొప్పులకనో ఎవరో ఇచ్చిన పసరు మందు, పొడి మందు ఉంటే అదీ చెప్పాలి. పసరు తాగితే నాకు కోపం రాదు, తాగి చెప్పకపోతే వస్తుంది.

బావగారి జనరిక్ మాట. మన దేశంలో సీఎంఎల్ రోగుల్లో ఎక్కువమంది వాడేది జనరిక్ ఇమాటినిబే. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఈ మందు మీద నోవార్టిస్ పేటెంట్ అభ్యర్థనని కొట్టేసింది, ఆ కేసులో ఎదురు నిలబడిన కంపెనీల్లో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది. మంచి కంపెనీ జనరిక్ మీద ఏళ్ల తరబడి 0.01 కిందే ఉన్నవాళ్ల రిపోర్టులు నా చేతుల మీదుగా వెళ్లాయి. మధ్యలో బ్రాండు మారితే మాత్రం ఏ నెలలో మారిందో రాసుకుని డాక్టరుకి చెప్పండి, అంతే. పెద్ద మందు అని ఆయన అంటున్నది బహుశా డాసాటినిబ్, నిలోటినిబ్ లాంటివి. వాటికి వాటి ఇబ్బందులున్నాయి, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం, గుండె రక్తనాళాల సమస్యలు. అవసరమైతే అద్భుతమైన మందులే, కానీ ఒక అనుమానపు అంకె మీద మారేవి కావు.

చెయ్యాల్సింది చెబుతాను. రేపే దగ్గర్లో సీబీసీ (రక్త కణాల లెక్క) చేయించండి, తక్కువ ఖర్చు, సాయంత్రానికి వస్తుంది. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మామూలుగా ఉంటే పది రోజులు ఆగడంలో ఇబ్బంది లేదు, మీ ఇద్దరూ నిద్ర పోవచ్చు. తెల్ల కణాలు పెరిగినా, జ్వరం వచ్చి తగ్గకపోయినా, ఎడమ పక్కటెముకల కింద బరువుగా ఉందన్నా, ఎక్కడి నుంచైనా రక్తం కారుతున్నా అపాయింట్‌మెంట్ అని ఆగకుండా అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి.

బీసీఆర్-ఏబీఎల్ మళ్లీ చేయించడం తప్పదు, అది మీ పాత ల్యాబులోనే చేయించండి. రెండింటిలో గొప్పది అదని కాదు, మీ వారి పాత నాలుగు అంకెలు ఆ కుంచంలోనే ఉన్నాయని. ఐఎస్ ఉన్న రెండు ల్యాబుల మధ్య కూడా కొంత తేడా ఉంటుంది, అందుకే ల్యాబు మార్చకుండా ఉండటమే తేలిక. మారక తప్పకపోతే ఒకసారి ఒకే రోజు రెండు చోట్లా ఇచ్చి చూసుకోవాలి. ఎప్పుడు ఇవ్వాలో డాక్టరు గారికి ఒక ఫోన్ చేసి అడగండి. కొందరు వెంటనే చేయించి తీసుకురమ్మంటారు, కొందరు మాత్రలు ఒక్కటీ తప్పకుండా నాలుగు నుంచి ఆరు వారాలు వేయించి ఆ తర్వాత చేయిస్తారు. ఎవరిది తప్పని నేను అనను, నాదైతే వెంటనే ఒకటి అనే ఓటు, ఎందుకంటే మీ ఇంట్లో ఎవరూ అన్నం తినడం లేదు.

రక్తం సోమ, మంగళ, బుధవారాల్లో ఉదయం పూట ఇవ్వండి. శుక్ర, శనివారాలు వద్దు, పండగ ముందు రోజు అసలే వద్దు. ఊదా రంగు మూత ట్యూబులో తీస్తారు, ఆకుపచ్చ మూత ట్యూబు తీస్తే ఆపి అడగండి, అందులో ఉండే హెపారిన్ ఈ టెస్టుకి అడ్డం పడుతుంది. పరగడుపున ఉండక్కర్లేదు. ఇది ఇక్కడే చేస్తారా, హైదరాబాదో ముంబయో పంపుతారా, ఈ రోజే బయల్దేరుతుందా అని కౌంటర్లో అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. చల్లటి డబ్బాలో వెళ్లాలి గానీ గడ్డ కట్టకూడదు. ఇంటికి తెచ్చుకుని ఫ్రీజర్లో పెట్టి మర్నాడు ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు, పాపం, జాగ్రత్త కొద్దీ చేసిన పనే, నమూనా మొత్తం పోయింది.

కొత్త ల్యాబుకి కూడా ఒక ఫోన్ చేసి, మీ టెస్టు ఐఎస్‌కి సరిచేసిందా, మీ కన్వర్షన్ ఫ్యాక్టర్ ఎంత, ఎప్పుడు సరిచూశారు అని అడగండి. ఉంటే చెబుతారు, సవరించిన రిపోర్టు కూడా ఇవ్వొచ్చు. మాకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతకి ఇచ్చే గుర్తింపు) ఉంది కదా అని సమాధానమొస్తే, ఉండటం మంచిదే, కానీ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఒక్కో టెస్టుకి విడివిడిగా ఉంటుంది, ఈ టెస్టుకి ఉందా అని మళ్లీ అడగండి. షుగర్ టెస్టుకి ఉన్న గుర్తింపు దీనికి పనికిరాదు.

మళ్లీ చేసిన టెస్టులో 0.1 చుట్టుపక్కలో, కిందో ఉంటే మీ డాక్టరు గారు బహుశా మూడు నెలలకోసారి చూద్దామంటారు. ఆర్నెల్లకోసారి చేయించడం ఖర్చు గురించేనని అర్థమైంది, కానీ ఎంఎంఆర్ గట్టిగా నిలబడేదాకా మూడు నెలలకోసారి మంచిది. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో దీనికి ఏమైనా వస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం హెల్ప్‌డెస్క్‌లో అడగండి. ఒకే ల్యాబులో అయినా అంకె రెట్టింపు అయితే అది టెస్టు ఊగిసలాటే కావచ్చు. ఐదు రెట్లు పెరిగి 0.1 దాటిందంటే అది నిజంగా పెరగడమే. అలా మళ్లీ మళ్లీ పెరుగుతూ, మాత్రలూ ఒక్కటి తప్పలేదని తేలితే, అప్పుడు మ్యుటేషన్ టెస్టు అడుగుతారు. ఏబీఎల్ జన్యువులో మార్పు వచ్చి మందు అతుక్కోకుండా పోయిందేమో అది చూస్తుంది. ఏ మార్పు వచ్చిందన్నదాన్ని బట్టి ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది, ఉదాహరణకి టీ315ఐ అనే మార్పు ఉంటే డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా పనిచెయ్యవు. ఆ టెస్టు లేకుండా పెద్ద మందుకి మారిపోవడం చీకట్లో రాయి వెయ్యడమే.

మొదటి రోజు, జబ్బు తేలినప్పటి రిపోర్టు కూడా వెతికి ఫైల్లో పెట్టండి. అందులో అతుకుడు జన్యువు ఏ రకమో, పీ210 అనో, ఈ13ఏ2, ఈ14ఏ2 అనో ఉంటుంది. నూటికి తొంభై ఐదు మందికి పైగా ఆ రకమే, ఈ ఐఎస్ లెక్కలన్నీ ఆ రకానికే. అరుదుగా వేరే రకం ఉన్నవాళ్లకి మామూలు టెస్టు చేస్తే ఏమీ కనపడలేదని వచ్చేస్తుంది. మీ వారికి నాలుగు సార్లు అంకెలు వచ్చాయి కాబట్టి ఆ రకమే అయ్యుంటుంది, అయినా కాగితం దగ్గరుండాలి.

అపాయింట్‌మెంట్ రోజున ఐదు రిపోర్టులూ తేదీల వారీగా పెట్టండి. పైన ఒక తెల్ల కాగితం మీద తేదీ, ల్యాబు, ఐఎస్ ఉందా లేదా, ఏబీఎల్ కాపీలు, ఫలితం, అలా ఐదు వరసలు రాయండి. ఆరో వరసలో ఫిబ్రవరి నుంచి ఎన్ని మాత్రలు తప్పాయో రాయండి. అది మీ వారి చేతే రాయించండి, మీరు పక్కన కూర్చోకుండా.